గొర్రెలో ఉన్న ‘ర’

మా అమ్మాయి ఐదేళ్లప్పుడు ‘గొర్రె’ అనే మాటను గొంతులోంచి అనడం మొదలుపెట్టింది. ఫ్రెంచివాళ్ల ‘ర’ అంతే, దానికి నాలుక కొసతో పని ఉండదు. ఫోన్లో వాళ్ల అమ్మమ్మ రెండుసార్లు ‘ఏంటమ్మా?’ అని అడిగి, అర్థం కాక, అన్నం తిన్నావా అంటూ మాట మార్చేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మేముండేది దక్షిణ ఫ్రాన్సులో అవేరోన్ జిల్లా, లార్జాక్ పీఠభూమి మీద చిన్న ఊరు. ఎటు చూసినా సున్నపురాయి, గడ్డి, గాలి, గొర్రెలు. రోక్‌ఫోర్ చీజ్ ఈ గొర్రెల పాలతోనే చేస్తారు. దగ్గరి పట్నం మియో. అక్కడ 2004లో ప్రారంభించిన 343 మీటర్ల ఎత్తు వంతెన ఫోటోలు మా చుట్టాలందరి ఫోన్లలో ఉన్నాయి.

జిల్లా అంటే ఇక్కడ ‘దెపార్త్‌మాన్’. మన కలెక్టర్ లాంటి ప్రెఫే జిల్లా కేంద్రం రోదేజ్‌లో ఉంటారు. పిల్ల చదువు వల్లే నాకు ఇక్కడి పరిపాలన అర్థమైంది. ఊరి బడి భవనం బాధ్యత కమ్యూన్‌ది, అంటే మన పంచాయతీ లాంటిది. పదకొండేళ్లకి వెళ్లే ‘కొలేజ్’ జిల్లా చూసుకుంటుంది, ఆ పైన ‘లిసే’ కొన్ని జిల్లాలు కలిసిన రీజియన్‌ది. 2017 నుంచి స్కూలు బస్సూ రీజియన్‌దే. మా ఊళ్లో పిల్లలు చాలరు కాబట్టి పక్క ఊరితో కలిపి బడి నడుపుతున్నారు: చిన్న తరగతులు ఇక్కడ, పెద్దవి అక్కడ. ఏటా పిల్లల లెక్క తీసే రోజులొస్తే ఊరందరికీ టెన్షనే. ఒక కుటుంబం వెళ్లిపోతే ఒక తరగతి పోవచ్చు.

తెలంగాణలో మా సొంతూరు నేను పుట్టినప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది, 2016 నుంచి జనగామ జిల్లా. మా నాన్న ఇప్పటికీ ‘మాది వరంగల్’ అనే అంటారు. ఇక్కడ 1790లో రుయెర్గ్ అనే పాత ప్రాంతాన్ని అవేరోన్ జిల్లాగా మార్చారు. మా పక్కింటి పెద్దావిడ ఇప్పటికీ ‘మాది రుయెర్గ్’ అంటుంది.

మేం వచ్చిన మొదటివారమే ఆవిడ మమ్మల్ని ఇంట్లోకి పిలిచింది. కారణం గాంధీ. 1971లో ప్రభుత్వం లార్జాక్ మీద సైనిక శిబిరాన్ని పెంచాలనుకుంది. భూమి వదలబోమని 1972లో 103 మంది రైతులు ప్రమాణం చేశారు. వాళ్లకు అండగా గాంధీ శిష్యుడు లాంజా దెల్ వాస్తో లా కవలెరీ అనే ఊళ్లో పదిహేను రోజులు ఉపవాసం ఉన్నాడు. 1981లో కొత్త అధ్యక్షుడు మిత్తెరాన్ ఆ పథకాన్ని రద్దు చేశాడు. ‘గాంధీ మీవాడే కదా’ అంటూ ఆవిడ మాకు కాఫీ పోసింది. మా అమ్మాయి ఆవిడని ‘మామీ’ అని పిలుస్తుంది, అంటే అమ్మమ్మ.

ఇంట్లో ఫ్రెంచే మాట్లాడండి, లేకపోతే పిల్ల వెనకబడుతుంది అని అప్పటికే ఒకరు నాకు సలహా ఇచ్చారు. నేను నమ్మాను కూడా. సాయంత్రాలు నా వచ్చీరాని ఫ్రెంచిలో పిల్లకి కథలు చెప్పేదాన్ని. ఒకరోజు ఆ సంగతి మామీకి చెబితే ఆవిడ ముఖం మారిపోయింది.

ఇక్కడి అసలు భాష ఆక్సితాన్. ఊళ్లలో ‘పాత్వా’ అంటారు. మామీ వాళ్ల నాన్న చిన్నప్పుడు బడిలో పాత్వా మాట్లాడిన పిల్లాడి చేతిలో ఒక కొయ్యముక్క పెట్టేవారట. వాడు పాత్వా మాట్లాడే ఇంకొకడిని పట్టుకుని అది వాడికి అంటగట్టాలి. సాయంత్రం ఎవరి దగ్గర మిగిలితే వాళ్లకి శిక్ష. ‘నాన్నకి జరిగింది తలుచుకుని నేను నా పిల్లలతో పాత్వా మాట్లాడలేదు. ఇప్పుడు గొర్రెలతో తప్ప మాట్లాడేవాళ్లు లేరు’ అంది. ఆవిడ కళ్లలో నీళ్లు చూశాక ఇంటికొచ్చి పిల్లతో తెలుగే మొదలుపెట్టాను. పిల్ల ఫ్రెంచి ఏమీ వెనకబడలేదు.

పిల్లకి మన ‘ర’ మాత్రం నా వల్ల రాలేదు. పాత్వాతో పెరిగిన ఇక్కడి ముసలివాళ్లు ‘ర’ని మనలాగే నాలుక కొసతో పలుకుతారు, ఫ్రెంచి మాట్లాడినా సరే. మామీ దొడ్డి దగ్గర గొర్రెను చూపించి ‘ఫెదొ’ అనేది. పిల్ల ‘గొర్రె’ అనేది, గొంతుతో. మామీ వెంటనే తిరిగి ‘గొర్రె’ అనేది, మా సొంతూళ్లో ఎవరో అన్నట్టే, రెండు ‘ర’లూ నాలుక మీద దొర్లిస్తూ. ఆ శీతాకాలమంతా దొడ్డి దగ్గర ఇదే ఆట.

ఉగాదికి ఫోన్ చేసినప్పుడు పిల్ల అమ్మమ్మతో ‘మామీకి చాలా గొర్రెలున్నయి’ అంది. అవతల క్షణం ఆగి, ‘ఎన్ని ఉన్నయే బిడ్డా?’ అని అడిగింది అమ్మమ్మ.