మూడింట రెండు వంతులు ఆకాశమే

సంక్రాంతి వెళ్లిన వారానికి రంగుల పెట్టె, కుంచెలు, పావు షీట్లుగా కోసుకున్న మందపాటి కాగితాలు సంచిలో సర్దుకుని నెల్లూరు రైలెక్కాను. రెండు రోజులు ఆరుబయట కూర్చుని ప్రకృతి దృశ్యాలు వేసుకోవాలన్నది సంకల్పం. ఆ మాట విన్న మిత్రులు, అరకులో కొండలూ మంచూ ఉండగా చాపలా పరచుకున్న పెన్నా డెల్టాలో వేయడానికి ఏముంటుందని నవ్వారు. అయితే నేలను నేలగా చూసి బొమ్మ కట్టే కళ ఐరోపాలో గట్టిగా వేళ్లూనుకున్నది హాలెండులో, అంటే నెల్లూరు కంటే చదునైన దేశంలో. పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివిన ఆ సంగతి, అలాంటి నేల మీద కుంచె పట్టుకుని కూర్చుంటే ఎలా కనిపిస్తుందో చూడాలని నాకు చాలాకాలంగా ఉంది.

హైస్కూల్లో నాకు డ్రాయింగ్ నేర్పిన మాస్టారు మూలాపేటలో ఉంటారు. ఎనభై దాటిన మనిషి, మోకాళ్లు సహకరించవు. అయినా మొదటి రోజు తెల్లవారేసరికి మడతకుర్చీ ఆటోలో వేసుకుని, రంగనాయకులపేట వైపు పెన్న ఒడ్డుకు నాకంటే ముందే వచ్చి కూర్చున్నారు. ఏటిలో నీళ్లు మూడు నాలుగు పాయలుగా సాగుతున్నాయి, మిగిలినదంతా ఇసుక. ఆ ఇసుక మీద చాకలివాళ్లు అప్పటికే ఒక విడత బట్టలు ఆరేశారు. దుప్పట్లు, పంచెలు, ఆసుపత్రి తెల్లగుడ్డలు వరసలు వరసలుగా పరిచి ఉంటే, మబ్బుల సందున పడిన ఎండ ఒక వరసను వెలిగిస్తూ, పక్క వరసను నీడలో ఉంచుతూ నెమ్మదిగా జరుగుతోంది.

నాకు వెంటనే పదిహేడో శతాబ్దపు డచ్చి చిత్రకారుడు యాకొప్ వాన్ రౌస్‌డాల్ గుర్తుకు వచ్చాడు. హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఆయన 1670 ప్రాంతంలో వేసిన హార్లెం పట్టణ దృశ్యం ఉంది. అందులో కింది భాగాన ఉన్నవి ఇవే: నేల మీద పొడుగ్గా పరిచిన తెల్ల నారబట్టలు, వాటి మీద పడుతూ తొలగుతూ ఉండే ఎండ, దూరంగా దిగంతం మీద పెద్ద చర్చి. పటంలో మూడింట రెండు వంతులకు పైగా మబ్బులు నిండిన ఆకాశం. హార్లెం ఆ రోజుల్లో బట్టలు చలవ చేయడానికి పేరుపడిన ఊరు. తమ ఊరి వృత్తిని, తమ ఊరి వెలుగునూ గోడ మీద చూసుకోవాలనుకున్న జనం ఉన్నారు కనుకనే ఆయన అటువంటి పటాలు పదేపదే వేశాడు. అదే శతాబ్దంలో ఆ దేశపు వర్తకులు ఇక్కడికి దక్షిణాన పులికాట్‌లో కోట కట్టుకుని, ఈ తీరపు నేతబట్టలను ఓడలకెత్తుతున్నారు. ఆ డబ్బులో కొంతైనా హార్లెం, ఆంస్టర్‌డాం గోడల మీది పటాల ఖరీదుగా మారి ఉంటుందని నా ఊహ. అది ఊహే.

చదునునేలలో కూర్చుంటే తెలిసే మొదటి విషయం, వేయడానికి నేల చాలా తక్కువగా ఉంటుందని. కంటి ఎత్తున గీత గీస్తే నది, ఇసుక, అవతలి ఒడ్డున కోవూరు వైపు తాటిచెట్లు, అన్నీ కలిపి నాలుగు వేళ్ల మందంలో సర్దుకుపోయాయి. గీతను పైకి జరపాలని చూశాను, అబద్ధంలా అనిపించింది. చివరికి కిందికే దించి, మిగిలిన కాగితం అంతా మబ్బులకు వదిలేశాను.

సగం బొమ్మ అయ్యాక, బట్టలు తిరగేస్తున్న ఒకామె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. "ఏం సార్, ఏరు ఏసినారు, ఇసక ఏసినారు, మా గుడ్డలు గూడా ఏసినారు. మేం యాడుండామయ్యా ఇందులో?" అని అడిగింది. మాస్టారు పెద్దగా నవ్వి, "అయిదు వందల ఏళ్ల నాటి ప్రశ్న అడిగిందబ్బయా" అన్నారు.

నిజంగా అంత పాత ప్రశ్నే. ఐరోపాలో చాలాకాలం నేల అన్నది కథకు వెనక తెర. ఆంట్‌వెర్ప్‌లో ఉండిన చిత్రకారుడు యోఆఖిం పాటినీర్ ఆ నిష్పత్తిని తలకిందులు చేశాడు. ఆయన పటాల్లో ఋషులూ పునీతులూ ఉంటారు గానీ, నీలిరంగు కొండలు, నదులు, రాళ్ల గుట్టల మధ్య వాళ్లను వెతుక్కోవాలి. జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1521లో ఆయన పెళ్లికి వెళ్లి, తన దినచర్యలో ఆయనను మంచి ప్రకృతి దృశ్య చిత్రకారుడని రాసుకున్నాడు. ఒక చిత్రకారుణ్ణి ఆ పేరుతో పిలవడం అప్పటికి కొత్త. దాదాపు అదే కాలంలో జర్మనీ నగరం రేగెన్స్‌బుర్గ్‌లో ఆల్ట్‌డోర్ఫర్ ఇంకో అడుగు వేసి, కొన్ని చిన్న పటాల్లో మనుషులను పూర్తిగా తీసేశాడు. అయితే పెద్దలు ఒప్పుకోవడానికి మాత్రం చాలాకాలం పట్టింది. ఫ్రెంచి అకాడమీ పక్షాన ఫెలిబియాఁ అనే రచయిత 1667లో చిత్రాలకు మెట్లు కట్టినప్పుడు కూడా చరిత్ర, పురాణ కథల చిత్రాలకు పై మెట్టు దక్కింది, ప్రకృతి దృశ్యానికి దిగువ మెట్టే మిగిలింది. అందుకే క్లోద్ లొర్రేన్ వంటి గొప్ప ఫ్రెంచి చిత్రకారుడు కూడా తన బంగారు వెలుగుల సాయంకాలాల్లో ఏదో ఒక పురాణ పాత్రను మూలన నిలబెట్టి, కథ ఉందనిపించుకునేవాడు.

ఆమె కోసం నేను ఇసుక మీద ఒక మనిషిని వేశాను. గోరంత మనిషి. "అది నేనేనా, చీమ మాదిరుండా" అని గొణిగి వెళ్లిపోయింది. పోతూ పోతూ ఆమె బకెట్టులో కలిపిన నీలిమందు నా కంటబడింది. మాస్టారు నా పళ్లెంలోని అల్ట్రామెరీన్ నీలం వైపు, ఆ బకెట్టు వైపు మార్చి మార్చి చూపించారు. పాతకాలపు నీలిమందు పొడిలో ఉండేది ఈ అల్ట్రామెరీనే. ఒకప్పుడు ఆఫ్ఘనిస్తాన్ గనుల నుంచి వచ్చే రాయిని నూరి తీసేవారు కనుక, దాన్ని ఆకాశమంతా పూయడం సామాన్య చిత్రకారుడికి అయ్యే పని కాదు. కృత్రిమంగా చేసి చూపినవారికి ఫ్రాన్సులో ఒక సంఘం 1824లో ఆరు వేల ఫ్రాంకుల బహుమతి ప్రకటించింది. 1828లో అది గిమే అనే రసాయనవేత్తకు దక్కింది. ఆ తర్వాతనే ఆ నీలం చాకలి రేవు దాకా దిగివచ్చింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మైపాడు బయలుదేరాం. ఇందుకూరుపేట మీదుగా పాతిక కిలోమీటర్లు. కొత్తగా నాటిన వరి పచ్చగా, కాలువల్లో నీళ్లు నిండుగా ఉన్నాయి. 1855లో పెన్న మీద నెల్లూరు ఆనకట్ట కట్టాక ఈ నేల రూపం మారింది. డచ్చివారి నేల కూడా ఇలా మనిషి చేతిలో రూపు దిద్దుకున్నదే. బేమ్‌స్టర్ అనే సరస్సును 1612 నాటికి గాలిమరలతో తోడి పొలాలు చేసుకున్నారు. చేత్తో చేసుకున్న నేల మీద మమకారం ఎక్కువ ఉంటుందేమో. దారి పక్కన సరుగుడు చెట్లు రెండు వైపులా బారులు తీరి, చివరన ఒక్క బిందువులో కలిసిపోతున్న చోట ఆటో ఆపించాను. డచ్చి చిత్రకారుడు హొబ్బెమా 1689లో వేసిన మిడెల్‌హార్నిస్ బాట సరిగ్గా ఇలాగే ఉంటుంది. సన్నగా ఎత్తుగా పెరిగిన చెట్లు, మధ్యలో మట్టిబాట, ఎదురుగా కుక్కతో నడిచివచ్చే మనిషి. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఆ పటాన్ని నేను అచ్చులోనే చూశాను. ఇక్కడ కుక్క ఉంది, మనిషి లేడు. రొయ్యల గుంటల వైపు నుంచి ఏరేటర్ల చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

కాలువలో బర్రెలు మెడ దాకా దిగి కదలకుండా ఉన్నాయి. వాటిని చూసి మాస్టారు విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం ఎత్తుకున్నారు. ఎండాకాలం చూపించాలంటే అలసిన మనుషులను, నీడ వెతుక్కునే లేళ్లను, బురదలో కూరుకున్న దున్నపోతులను, ఎండిన కొలనును వేయమంటుందది. ఆకాశానికి ప్రత్యేకమైన రంగు అక్కర్లేదు, పక్షులతో నింపితే చాలు. రాత్రి అంటే చంద్రుడు, చుక్కలు, నిద్రపోతున్న జనం, దగ్గరికి వస్తున్న దొంగలు. మన సంప్రదాయం ప్రకృతిని చూడలేదనడం తప్పని, చూసినదాన్ని గుర్తులుగా చెప్పిందని ఆయన వాదన. మన ప్రబంధకవులకు కూడా పురము, సముద్రము, పర్వతము, ఋతువులు, సూర్యోదయ చంద్రోదయాలు అష్టాదశ వర్ణనల్లో తప్పనిసరి భాగం. ఒక్కొక్క వర్షాకాల వర్ణన విడిగా తీసి చట్రంలో బిగించుకోదగినంత ఉంటుంది, కానీ అది కథ నడుమనే ఉంటుంది. పద్యంలో అంత చోటు దొరికిన నేలకు మన గోడల మీద విడిగా చోటు దొరకకపోవడానికి, చూపు లోపం కంటే కొనేవాడి లోపమే పెద్ద కారణమని నేనంటాను. గుడీ దర్బారూ కథనే అడిగాయి. హాలెండులో బేకరీవాడు కూడా పటం కొన్నాడు. మన దగ్గర గోదావరి ఒడ్డున పుట్టిన చిత్రకారుడు దామెర్ల రామారావు వంటివారు వచ్చేదాకా ఆ వెలితి అలాగే ఉంది, ఆయనేమో 1925లో ఇరవయ్యెనిమిదేళ్లు నిండకుండానే వెళ్లిపోయాడు.

మైపాడులో నాకు పరాభవం జరిగింది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, ఆకాశానికి వేసిన నీలి పూత అరగంటైనా ఆరదు. ఆరకముందే మబ్బు అంచు దిద్దబోయాను, కుంచె నుంచి జారిన నీటిచుక్క పూతలోకి పాకి, కాలీఫ్లవర్ పువ్వులా అంచులు విచ్చుకుని కూర్చుంది. దానిమీద ఇసుక. ఇంకో కాగితం తీస్తే తెల్లరంగు ట్యూబు మూత బిగుసుకుపోయింది. బజ్జీల బండి అతన్ని అడిగి పొయ్యి సెగ దగ్గర మూత తిప్పుతూ పట్టుకుంటే వదిలింది. ఈ ట్యూబుకు కూడా ఒక పుణ్యాత్ముడున్నాడు. లండన్‌లో ఉంటున్న జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు 1841లో మడిచే తగరపు ట్యూబుకు పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు నూరిన రంగును పంది మూత్రాశయపు తిత్తిలో కట్టి, మేకుతో పొడిచి పిండుకునేవారు. ఒకసారి పొడిస్తే సరిగ్గా మూయడం కుదరదు. అటువంటి తిత్తులు మోసుకుని పొలాలకు పోవడం కష్టమే. ఆ తర్వాతి తరంలో ఫ్రెంచి చిత్రకారుడు మోనే, ఫ్రాన్సులోని లు ఆవ్ర్ రేవు మీద సూర్యోదయం వేయడం, 1874లో ప్రదర్శించినప్పుడు ఆ పటం పేరును పట్టుకుని ఒక విమర్శకుడు ఎగతాళి చేయడం, ఆ ఎగతాళే ఇంప్రెషనిజం అనే ఉద్యమానికి పేరు కావడం అందరికీ తెలిసిన కథ.

కానీ నాకు ఆ సాయంత్రం ధైర్యం చెప్పింది ఇంగ్లిషు చిత్రకారుడు జాన్ కాన్‌స్టేబుల్. పిండిమరల యజమాని కొడుకు. గాలి ఎటు మళ్లుతుందో, వాన ఎప్పుడు పడుతుందో మర దగ్గర నేర్చుకున్నవాడు. 1821, 1822లలో లండన్ పక్కన హాంప్‌స్టెడ్‌లో కూర్చుని, నేల లేకుండా వట్టి మబ్బులనే పదుల కొద్దీ చిత్తులుగా వేసి, చాలావాటి వెనక తేదీ, గంట, గాలి ఏ దిక్కు నుంచి వీస్తున్నదీ రాసిపెట్టుకున్నాడు. ఆయన గడ్డిబండి పటానికి 1824లో పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. మాస్టారు నాకు చిన్నప్పుడు పెట్టిన అలవాటు కూడా అదే. ఆ పూట చెడిపోయిన కాగితం వెనక కూడా తేదీ, నాలుగున్నర, ఈశాన్యపు గాలి అని రాయించారు. చెడిపోయింది బొమ్మే కానీ గాలి కాదు కదా అన్నారు.

రెండో రోజు ఆయన రాలేదు, మోకాళ్లు వాచాయి. ఒక్కణ్ణే నరసింహకొండకు వెళ్లాను. వేదగిరి లక్ష్మీనరసింహస్వామి గుడి ఉన్న కొండ అది. పెద్దదేమీ కాదు, కానీ చుట్టూ చదును కావడం వల్ల నిజం కంటే ఎత్తుగా కనిపిస్తుంది. దిగువన నిలబడి మెడ ఎత్తినప్పుడు ఒక చూపు, మధ్యలో బండల సందుల్లోంచి వెనక గుట్టలను చూసినప్పుడు ఒకటి, పైనుంచి పెన్నను, అవతల జొన్నవాడను, ఆపైన పొలాలు పొగలా మారిపోయే దాకా చూసినప్పుడు మూడోది. పదకొండో శతాబ్దంలో చైనా చిత్రకారుడు క్వో శీ ఈ మూడింటినీ ఎత్తు దూరం, లోతు దూరం, సమ దూరం అని విడదీసి చెప్పాడు. 1072లో ఆయన వేసిన వసంతారంభ దృశ్యంలో ఒకే పట్టు గుడ్డ మీద చూపు అలా పైకీ లోపలికీ దూరానికీ తిరుగుతుంది. ఐరోపా వాళ్లు కథను వదిలించుకోవడానికి అయిదు వందల ఏళ్ల ముందే అక్కడ కొండ, నీరు అన్న రెండు మాటలు కలిపితే చిత్రకళలో ఒక శాఖకు పేరైంది. హొబ్బెమా బాటలో మనం ఒకచోట నిలబడాలి, చైనా పటంలో నడుస్తూ పోవాలి. కొండ ఎక్కి దిగిన కాళ్లకు ఆ తేడా బాగా తెలిసింది. ఎక్కడ కూర్చుని వేయాలో తేల్చుకోలేక పైకీ కిందికీ తిరిగి, చివరికి పొద్దు వాలుతుండగా గుడి వెనక బండ మీద కూర్చుని, పడమటి వెలుగులో రాగిరేకులా మెరుస్తున్న పెన్నను గబగబా నలభై నిమిషాల్లో వేశాను.

రాత్రి మూలాపేటలో మంచం మీద కూర్చున్న మాస్టారికి చూపిస్తూ, అయిదో శతాబ్దపు చైనాలో జోంగ్ బింగ్ అనే ఆయన ముసలితనంలో యాత్రలు చేయలేక, తాను తిరిగిన కొండలను గోడల మీద వేసుకుని పడుకునే ప్రయాణం చేశాడట అని చెప్పాను. మాస్టారు ఆ మాటకు ఊఁ కొట్టి, కళ్లద్దాలు పైకి జరిపి, కాగితాన్ని దీపానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. జొన్నవాడ గుడి కాస్త ఎడమకు జరిగిందన్నారు. తర్వాత వెనక్కి తిప్పారు. ఖాళీగా ఉంది.

"గాలి ఎటు?" అని అడిగారు.

నాకు గుర్తు లేదు. ఆయనే పెన్సిల్ తీసి తేదీ వేసి, సాయంత్రం అయిదుంబావు అని రాసి, గాలి అన్న మాట పక్కన చోటు వదిలి నా చేతికి ఇచ్చారు.