చెక్ ట్రే చూసేవాడిని, కంచం చూడలేదు

2025 జూన్ నాటికి మా బాబుకు రెండేళ్ళ రెండు నెలలు. అప్పటికే వాడికి అన్నం తినిపించడం మా ఇంట్లో పూటకు గంటంబావు పట్టే పని అయిపోయింది. విడవలూరు దగ్గర పల్లెలో మాది ఉమ్మడి ఇల్లు. నా భార్య గిన్నె పట్టుకుని హాల్లో మొదలుపెట్టేది, మా అమ్మ వరండాలో అందుకునేది, చివరి నాలుగు ముద్దలు వీధి అరుగు మీద జరిగేవి. పోయే బర్రెలను చూపిస్తూనో, ఫోనులో పాటలు పెట్టో, వాడు నోరు తెరిచిన క్షణం కనిపెట్టి ముద్ద లోపలికి తోసేవాళ్ళం. వాడంతట వాడు ఇష్టంగా తీసుకునేవి పెరుగన్నం, బిస్కట్లు, పాలు మాత్రమే. పప్పులో ఒక్క కొత్తిమీర ఆకు కనిపించినా కంచం నెట్టేసేవాడు.

నెల్లూరులో పిల్లల డాక్టరు గారికి చూపించినప్పుడు, ఆకలి పుట్టే టానిక్ ఏదైనా రాయమని నేనే అడిగాను. ఆవిడ దానికి జవాబు చెప్పకుండా, రోజుకు పాలు ఎన్ని తాగుతాడని అడిగారు. మేము ఎప్పుడూ లెక్క వేయలేదు. అక్కడే కూర్చుని వేసుకుంటే పగలు రెండు సీసాలు, పడుకునే ముందు ఒకటి, అర్ధరాత్రి ఒకటి, మొత్తం 900 మి.లీ. తేలింది. బరువు 10.8 కిలోలు ఉంది. తల్లీబిడ్డల కార్డులో దాన్ని గుర్తు పెట్టి చూపిస్తే చుక్క ఆకుపచ్చ భాగంలోనే, అంటే వయసుకు తగిన బరువులోనే, పడింది. పుట్టినప్పుడు 2.9 కిలోలున్న బిడ్డ ఏడాదికి మూడింతలై 8.7 అయ్యాడు, రెండో ఏడాదిలో ఏ బిడ్డయినా పెరిగేది రెండు, రెండున్నర కిలోలే కాబట్టి ఆకలి కూడా ఆ మేరకు తగ్గుతుందని, ఆ తగ్గుదలను చూసి భయపడి మనం బలవంతం మొదలుపెడతామని, బలవంతం చేసిన కొద్దీ బిడ్డ నోరు బిగిస్తాడని ఆవిడ వివరించారు. బరువు సంగతి అలా తేలిపోయింది గానీ రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 10.1 వచ్చింది. ఆ వయసుకు కనీసం 11 ఉండాలి. రక్తానికి కావలసిన ఇనుము పాలలో బహు తక్కువ, పైగా పాలు కడుపు నింపి ఇనుము ఉండే తిండికి చోటు లేకుండా చేస్తాయి. ఐరన్ చుక్కలు రాసి, వాటిని పాలతో కలపవద్దని, మలం నల్లగా వస్తే కంగారు పడవద్దని చెప్పారు. సీసా పూర్తిగా మాన్పించి, పాలను గ్లాసుతో రోజుకు 400 మి.లీ. దగ్గర ఆపమన్నారు. ఏమి పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దలు నిర్ణయించాలి. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది బిడ్డకు వదలాలి. ఇది ఎలిన్ సాటర్ అనే అమెరికా పోషకాహార నిపుణురాలి పద్ధతి అట.

ఆ మాట నాకు కొత్తగా అనిపించలేదు, సిగ్గుగా అనిపించింది. నేను రొయ్యల గుంటల మీద టెక్నీషియన్‌ను. మేత చల్లేటప్పుడు కొంచెం చెక్ ట్రేలో వేసి నీళ్ళలోకి దించుతాము, రెండు గంటలయ్యాక పైకి తీసి చూస్తాము. ట్రే ఖాళీగా ఉంటే తరువాతి మేత పెంచుతాము, మిగిలి ఉంటే తగ్గిస్తాము. రొయ్య తినకపోతే వాతావరణమా, పొర విడుస్తోందా, నీళ్ళు చెడ్డాయా అని ఆలోచిస్తామే గానీ ఇంకా రెండు కిలోలు కుమ్మరించము, ఎందుకంటే మిగిలిన మేత అడుగున కుళ్ళి గుంటనే పాడుచేస్తుంది. పదకొండేళ్ళుగా రొయ్యల ఆకలిని నమ్మిన నేను నా కొడుకు ఆకలిని ఒక్క పూట కూడా నమ్మలేదు.

పద్ధతి మార్చడంలో అసలు కష్టం బాబుతో రాలేదు, మా అమ్మతో వచ్చింది. "పాలు గూడా ఆపేస్తే బిడ్డ ఏం తిని బతకాలబ్బయా? నిన్ను నేను ఇట్టాగే గదా సాకింది" అని ఆమె రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఆమెను తప్పుపట్టలేను, కంచంలో మెతుకు మిగిలితే తన తప్పన్నట్టు బతికిన మనిషి. చివరికి నేను అడిగింది ఒక్కటే: మూడు నెలలు ఎవరూ ముద్దలు లెక్కపెట్టవద్దు, ఆ తరువాత బరువు తగ్గితే నీ పద్ధతికే వచ్చేద్దాము.

సీసా మాన్పించిన మొదటి మూడు రాత్రులు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. నాలుగో రాత్రి రెండు గంటలకు లేచి నీళ్ళు తాగి పడుకున్నాడు. పగటి వేళలు కూడా బిగించాము: ఎనిమిదింటికి టిఫిను, పదిన్నరకు పండు, ఒంటిగంటకు అన్నం, నాలుగున్నరకు పాలతో ఏదో ఒకటి, ఏడున్నరకు మళ్ళీ అన్నం. మధ్యలో మంచినీళ్ళు తప్ప ఏమీ లేవు. పక్కింటి అవ్వ ప్రేమగా చేతిలో పెట్టే బిస్కట్‌ను ఆపడానికి మాత్రం ఒక వారం పట్టింది.

తరువాత వంట. మా నెల్లూరు వంటలో కారం, పులుపు రెండూ ముందుంటాయి కనుక వాడికి విడిగా వండడం అలవాటైంది, విడిగా వండడం వల్ల మేము తినేది వాడికి కొత్తగానే ఉండిపోయింది. ఇప్పుడు పప్పు ఉడికాక కారం, తాలింపు వేయకముందే ఒక గరిటె తీసి ఉంచుతున్నాము. దోసె మాతోపాటే, ఎర్రకారం లేకుండా. చేపల పులుసు రోజున వంజరం తెస్తాను, బొచ్చె చేపలో ముళ్ళెక్కువ. ఒక ముక్కను పసుపు, ఉప్పుతో పక్కన ఉడికించి, ముల్లు లేదని వేళ్ళతో రెండుసార్లు నలిపి చూసి పెడతాము. వేరుశనగ పప్పులు గొంతుకు అడ్డం పడతాయి కాబట్టి పొడి చేసి అన్నంలో కలుపుతాము. అందరం కిందనే కూర్చుంటాము, వాడికీ ఒక చిన్న స్టీలు కంచం. అందులో వాడికి తెలిసినది ఒకటి తప్పకుండా ఉంటుంది, మిగిలినవి గోరంత. ఇరవై అయిదు నిమిషాలకు కంచం తీసేస్తాము, తిట్టడమూ లేదు, మెచ్చుకోవడమూ లేదు.

మేత రిజిస్టరు రాసే అలవాటు కొద్దీ నేను ఒక నోటుబుక్కు పెట్టాను. కొత్త పదార్థం పిల్లలకు ఎనిమిది నుంచి పదిహేను సార్లు కనిపిస్తే గానీ అలవాటు కాదని డాక్టరు గారు అన్నారు. మేము అంతవరకు రెండుసార్లు పెట్టి, "వీడికి ఇష్టం లేదు" అని తీర్పు చెప్పేవాళ్ళము. ములక్కాడ ముక్క ఆరోసారి కంచంలో పడినప్పుడు వాడు దాన్ని తీసి వాసన చూశాడు, నాకాడు, కొసను కొరికి ఉమ్మేశాడు, ఉమ్మినదాన్ని జాగ్రత్తగా తీసుకొచ్చి నా కంచంలో పెట్టాడు. ఆ రోజు వరుసలో "ఉమ్మాడు" అని రాసుకున్నాను. ఉమ్మడానికైనా ముందు నోట్లో పెట్టుకోవాలి కదా. తొమ్మిదోసారి లోపలి గుజ్జు చీకాడు. వంజరం పదకొండోసారికి తిన్నాడు, అదీ నా కంచంలో నుంచి తీసుకుని. తన కంచంలోది అలాగే ఉంది.

జూలైలో రొట్టెల పండుగకు అమ్మ బారాషహీద్ దర్గాకు వెళ్ళి, స్వర్ణాల చెరువులో మోకాటి లోతు నీళ్ళలో నిలబడి మనవడి కోసం ఆరోగ్య రొట్టె పట్టుకుని వచ్చింది. ఆ రొట్టెను బలవంతంగా నోట్లో పెట్టవద్దని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు, చెప్పలేదు కూడా. ఆమే దాన్ని వాడి చేతికిచ్చి పక్కన కూర్చుంది. వాడు సగం తిని, సగం వాకిట్లో కుక్కకు వేశాడు.

అంతా సాఫీగా సాగిందని చెప్పను. ఆగస్టులో జ్వరం వచ్చి అయిదు రోజులు ఏమీ ముట్టకపోతే నేనే భయపడి ఫోను ముందు పెట్టి పెరుగన్నం తినిపించాను. తగ్గాక ఫోను మాన్పించడానికి మళ్ళీ వారం పట్టింది, ఆ వారం నా భార్య నాతో మాట్లాడిన మాటలు ఇక్కడ అనవసరం.

సెప్టెంబరు చివర మళ్ళీ చూపిస్తే బరువు 11.4 కిలోలు, హిమోగ్లోబిన్ 11.3. ఐరన్ చుక్కలు ఇంకొన్నాళ్ళు ఆపవద్దన్నారు. అమ్మ కార్డు తీసుకుని చుక్క ఎక్కడుందో వేలు పెట్టి చూసుకుంది, ఏమీ అనలేదు. కరివేపాకును వాడు ఇప్పటికీ ఏరి పారేస్తాడు, ఆకుకూర పప్పు గిన్నె వస్తే ముఖం తిప్పుకుంటాడు. నోటుబుక్కులో వంకాయ ఎనిమిదోసారికి వచ్చింది. నిన్న దాన్ని వేలితో నొక్కి చూశాడు, అంతే.