10 మే 2025, శనివారం, హన్మకొండ

నిన్న, సత్యసాయి జిల్లా కళ్లితండాకు చెందిన జవాన్ మురళీ నాయక్ సరిహద్దులో పాకిస్తాన్ కాల్పులకు బలైన వార్త వచ్చినప్పటి నుంచి ఇంట్లో టీవీ బంద్. బాలింత దిగులు పడితే పాలు తగ్గుతాయని మా ఆవిడ రిమోటును బియ్యం డబ్బాలో దాచింది. చేతిలో ఫోన్ ఉన్న పిల్ల దగ్గర రిమోట్ దాచి ఏం లాభమో నాకైతే అర్థం కాలేదు. అమ్మాయికి అన్నీ తెలుసు. మనకు తెలియదన్నట్టు ఎల్లిపాయ కారంతో అన్నం తిని, పాపను పొత్తిళ్ళలో సర్దుకుని అటు తిరిగి పడుకుంటుంది.

అల్లుడు జమ్మూలో ఉన్నాడు. ఈపాటికి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి కాజీపేటలో దిగవలసినవాడు, ఏడో తేదీన ఆపరేషన్ సిందూర్ మొదలవడంతోనే సెలవు రద్దయి అక్కడే ఆగిపోయాడు. బిడ్డను వీడియోలోనే చూసుకుంటున్నాడు. రాత్రిళ్ళు అక్కడ దీపాలు ఆర్పేస్తుండడం వల్ల అతనికి పాప కనిపిస్తుంది గాని మాకు అతని ముఖం కనిపించదు. నల్లటి తెర మీద గొంతు ఒక్కటే వినిపిస్తుంది.

ఇరవై ఒకటో రోజున పాపను తొట్టెల (ఉయ్యాల)లో వేసి పేరు పెట్టే వేడుక చేయాలి. తండ్రి లేకుండా తొట్టెల ఎట్ల చేస్తాం, యుద్ధం సల్లబడినంక చేద్దామని వియ్యాలవారు అంటున్నారు. సిందూర అని పేరు పెడదామని కూడా చుట్టాల్లో ఎవరో అన్నారట. అమ్మాయి ఒప్పుకోలేదు, నాకూ నచ్చలేదు. తండ్రి ఫోన్ కోసం తల్లి జాగారం చేసిన రోజులను ఆ పిల్ల జీవితాంతం పేరులో ఎందుకు మోయాలి?

మధ్యాహ్నం పరకాల నుంచి పెద్దన్న వచ్చాడు. 1948లో, రజాకార్లకు భయపడి ఊరంతా చేలల్లో తలదాచుకున్నప్పుడు, అమ్మ అతణ్ణి జొన్నచేనులో కన్నది. బొడ్డు కోసింది కొడవలితోనని, తొట్టెల లేక చింతకొమ్మకు చీర కట్టి అందులోనే వేశారని, ఆ పూట శనగలు కూడా పంచారని అమ్మ చెప్పేది. ఆయన పుట్టిన తేదీ మాత్రం ఎవరికీ గుర్తు లేదు. బడిలో చేర్చిననాడు పంతులు జూలై 1 అని రాసుకున్నాడు, పింఛను కాగితాల్లోనూ ఈనాటికీ అదే. పెద్దన్న పాప అరికాలిని బొటనవేలితో రాస్తూ, "పేరు ఎన్నడన్న పెట్టుకోవచ్చు తమ్మీ, ఇరవై ఒకటో దినం మల్ల రాదు" అన్నాడు.

కాగితాల సంగతి చూసినా ఆయన మాటే సరిగ్గా ఉంది. జననాన్ని 21 రోజుల లోపు నమోదు చేయించాలి గాని పేరు అప్పుడే ఇవ్వనక్కరలేదు, ఏడాది లోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు.

సాయంత్రం అయిదు గంటల నుంచి కాల్పుల విరమణ అని విదేశాంగ కార్యదర్శి ప్రకటించారని పక్కింటివాళ్ళు చెప్పగానే, మా ఆవిడే పరుగున వెళ్ళి బియ్యంలోంచి రిమోటు తీసింది. ఒక ఛానెల్‌లో సరిహద్దు, మరో ఛానెల్‌లో గచ్చిబౌలిలో మిస్ వరల్డ్ ప్రారంభం. రాత్రయ్యేసరికి జమ్మూ, శ్రీనగర్‌లలో మళ్ళీ డ్రోన్లని వార్త వచ్చింది, ఈసారి మాత్రం ఎవరూ టీవీ కట్టెయ్యలేదు. పది దాటాక అల్లుడు ఫోన్ చేశాడు. యుద్ధం మాట ఎత్తకుండా, పాప బరువు పెరిగిందా అని అడిగాడు. తొట్టెల సంగతి చెబితే, "కానియ్యండి మామయ్యా, పేరు నేనొచ్చినంక పెడతా" అన్నాడు. రేపు పొద్దున్నే వియ్యంకుడికి ఫోన్ చేసి, తొట్టెల అనుకున్న రోజునేనని చెప్పాలి.