వంద రోజుల కట్టు: బండి మీద సంపాదన ఎటు పోతోంది

కూరగాయల బండి, టిఫిన్ బండి నడిపేవాళ్ల దగ్గర నాలుగు డబ్బులు ఎందుకు మిగలవంటే చాలామంది తాగుడు, దుబారా అనేస్తారు. నేనైతే డైలీ ఫైనాన్స్ కార్డు, అంటే ప్రైవేటు ఫైనాన్స్‌వాళ్లు ఇచ్చి రోజూ వసూలు చేసుకునే అప్పు, ఉందా అని ముందు అడుగుతాను.

పదివేలు అని రాసుకుని, 1,500 ముందే కోసి, చేతికి 8,500 ఇస్తారు. రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. పైకి నూటికి పదిహేనే. కానీ మర్నాటి నుంచే అసలు తీరుతూ పోతుంది కాబట్టి సగటున ఆ డబ్బులో సగమే మన చేతిలో ఉన్నట్టు. లెక్క కడితే నెలకు నూటికి దాదాపు పది రూపాయల వడ్డీ తేలుతుంది. మూడు రూపాయల వడ్డీ అంటేనే జంకే మనిషి కూడా దీనికి తలూపుతాడు. వడ్డీ అన్న మాటే వినపడదు మరి, వినపడేది రోజుకో వంద.

అసలు దెబ్బ రెన్యువల్‌లో ఉంది. జూన్‌లో స్కూలు ఫీజులు మీద పడేసరికి కార్డు డెబ్బయ్యో రోజులో ఉంటుంది, ఇంకా 3,000 బాకీ. కొత్త కార్డు రాసి, ఆ 3,000తో పాటు మళ్లీ 1,500 కోసుకుని 5,500 చేతిలో పెడతారు. పాత 3,000కి వడ్డీ మొదటి కోతలోనే పోయింది. అంటే ఈ 1,500 మొత్తం 5,500 మీదే పడినట్టు.

దీనికి బదులు వీధి వ్యాపారులకు బ్యాంకు అప్పు ఇప్పించే కేంద్ర పథకం పీఎం స్వనిధి ఉంది. దాని కింద మొదటి విడత ఇప్పుడు 15,000. సకాలంలో తీరిస్తే తర్వాత 25,000, ఆపైన 50,000. మున్సిపాలిటీ ఇచ్చిన వీధి వ్యాపారి కార్డు, ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు ఉంటే మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సిబ్బంది దరఖాస్తు పెట్టిస్తారు. మొదటి విడత పన్నెండు నెలల వాయిదాలకు రోజుకు దాదాపు 45 రూపాయలు పక్కన పెడితే చాలు.

ఆ డబ్బు రాగానే డైలీ కార్డు మూసేయాలనిపిస్తుంది. తొందరపడొద్దు. వడ్డీ ముందే కోసేశారు, తొందరగా కట్టినంత మాత్రాన సాధారణంగా పైసా వెనక్కి రాదు. స్వనిధి డబ్బును సరుకులో పెట్టి, కార్డును దాని గడువుకే ముగియనివ్వండి. రెన్యువల్ మాత్రం వద్దు.

కార్డు ముగిసిన మర్నాటి నుంచి అదే వంద బ్యాంకు ఖాతాలో వేస్తే 85 రోజులకు 8,500 అవుతుంది, అంటే ఆ కార్డు మీద చేతికి వచ్చినంత డబ్బు సొంతంగానే ఉంటుంది. క్యూఆర్ మీద వచ్చే డబ్బును సరుకుకే ఉంచి, ఇంటి ఖర్చు గల్లాలోంచి తీస్తే ఏది పెట్టుబడో ఏది లాభమో కలగాపులగం కాదు.