కలిపే వరుస

పాలీప్రొపిలీన్, నైలాన్-6 అనే రెండు ప్లాస్టిక్‌లు నూనె, నీళ్ళలా ఒకదానిలో ఒకటి ఇమడవు కాబట్టి, మాలిక్ అన్‌హైడ్రైడ్ అనే రసాయనం అతికించిన పాలీప్రొపిలీన్‌ను కంపాటిబిలైజర్‌గా, అంటే ఆ రెంటినీ పట్టి ఉంచే పదార్థంగా, కొద్దిగా చేరుస్తారు. అది చేరితే చాలు, ఎలా కలిపినా ఒకటేనని జీడిమెట్లలోని ఒక చిన్న యూనిట్‌లో పని మొదలుపెట్టిన రోజున నేను నమ్మాను.

మొదట ఈ మూడింటి దానాను (ప్లాస్టిక్ గుళికలను) ఒకేసారి సింగిల్ స్క్రూ ఎక్స్‌ట్రూడర్‌లో, అంటే ప్లాస్టిక్‌ను కరిగించి ఒకే స్క్రూతో ముందుకు తోసే యంత్రంలో, పోశాను. అచ్చు పోసిన ముక్కను వంచగానే ఉల్లిపాయలా పొరలు ఊడాయి. అవే పాళ్ళను రెండు స్క్రూలతో గట్టిగా పిసికే ట్విన్ స్క్రూ యంత్రంలో 235 డిగ్రీల వద్ద కలిపినప్పుడు నైలాన్ బొట్లు బాగా చిన్నవై, వాటి ఉపరితలం పెరిగి, నైలాన్ అణువుల పొడవాటి గొలుసుల చివరనున్న అమైన్ సమూహాలకు అన్‌హైడ్రైడ్‌తో చర్య జరిపే చోటు దొరికింది. అలా రెండు ప్లాస్టిక్‌ల సరిహద్దులోనే పుట్టిన గ్రాఫ్ట్ కోపాలిమర్ (రెంటి గొలుసులూ అతుక్కున్న అణువు) ఆ బొట్లను మళ్ళీ ఒకటిగా కలవనివ్వదు. ఈసారి ముక్క వంగింది గాని పొరలు విడలేదు.

తరువాత కంపాటిబిలైజర్‌ను ముందు నైలాన్‌తోనే కలిపి, ఆపైన పాలీప్రొపిలీన్‌ను చేర్చి చూశాను. కరుగు చిక్కబడి మోటారు లోడు పెరిగింది కాబట్టి చర్య జరిగినట్టే. అయినా ఆ ముక్కలు దెబ్బకు తట్టుకుంటాయో లేదో చూసే ఇంపాక్ట్ పరీక్షలో తేలిపోయాయి. కంపాటిబిలైజర్ కొంత నైలాన్ లోపలే చిక్కుకుని సరిహద్దుకు చేరలేదని నా అనుమానం.

అన్నట్టు, ఈ ముసురులో నైలాన్‌ను 80 డిగ్రీల వద్ద రాత్రంతా ఆరబెట్టకపోతే, తేమకు గొలుసులు తెగి ఈ పోలికలన్నీ వృథా అవుతాయి. రేపు స్క్రూ వేగం పెంచాలి. అయితే ఆ రాపిడి వేడికి పాలీప్రొపిలీన్ గొలుసులే తెగుతాయేమోనన్న భయమూ ఉంది.