ఇటాలియన్ క్రియలు, మన గురువులు

పొద్దుటి నుంచీ ఉత్తర ఇటలీలోని మా బొలోన్యాలో వాన. వీధుల పక్కన పైకప్పున్న నడవాలు, అదే పోర్టికోల పుణ్యమా అని గొడుగు లేకుండానే కూరగాయలు తెచ్చేసుకుని, పప్పు స్టవ్ మీద పడేసి, క్రియల పుస్తకం ముందేసుకున్నాను.

అరె, ఇరె అని ముగిసే క్రియలతో పేచీ లేదు, మూలరూపంలో నొక్కు, అంటే ఒత్తి పలకడం, ఎప్పుడూ చివరి నుంచి రెండో అక్షరం మీదే: పర్లారె, దొర్మీరె. మొండి గుంపంతా ఎరె వాళ్ళదే. వెదేరె అంటారు, కానీ స్క్రీవెరె, ప్రెందెరె దగ్గరికొచ్చేసరికి నొక్కు మొదటికి పరిగెత్తుతుంది. రాతలో ఆనవాలు ఉండదు. ఆఖరి అక్షరం మీద నొక్కు పడితేనే గుర్తు తప్పనిసరి, కాబట్టి గుర్తు లేని పర్లొ అంటే నేను మాట్లాడతాను, గుర్తు పెడితే అతను మాట్లాడాడు. ఒక్క గీతకి మనిషీ కాలమూ రెండూ మారిపోయాయి!

అసలు టెన్షన్ బహువచనంతో. నేను ఫోన్ చేస్తాను అంటే తెలేఫొనొ, మీరు చేస్తారు అంటే తెలెఫొనాతె, సరే, నొక్కు మాట చివరి వైపుకి జరిగింది అనుకుంటాం. వాళ్ళు చేస్తారు అనగానే మళ్ళీ తెలేఫొననొ, మాట ఎంత సాగినా నొక్కు 'నేను' రూపంలో ఉన్నచోటు వదలదు, చివరి నుంచి నాలుగో అక్షరం అయినా సరే.

బళ్ళో గణవిభజన చేసినవాళ్ళకి ఇందులో ఒక సుఖం ఉంది. మాట మధ్యలో నొక్కు పడ్డ అక్షరం ఎప్పుడూ గురువే. అచ్చుతో ముగిస్తే దీర్ఘం అవుతుంది (వెదేరె), హల్లు అడ్డుపడితే పొట్టిగానే ఉండి బరువెక్కుతుంది (ప్రెందెరె). పాస్తాని పుస్తకం ప-స్త అని విడగొట్టమంటుంది, పలికేటప్పుడు మాత్రం 'ప' పొట్టిదే, వెనకున్న 'స్త' వల్ల గురువు, అచ్చం మన 'పుస్తకం'లో 'పు' లాగా. ఈ సంగతి ఏ ఇటాలియన్ గ్రామర్ పుస్తకమూ మనకి ఇలా చెప్పదు, వాళ్ళకేం అవసరం!

మరి చివర నొక్కున్న పర్లొ? అక్కడ అచ్చు పొట్టిదే, లఘువైపోతుందిగా అని కాసేపు బుర్ర గోక్కున్నాను. ఫ్లోరెన్స్, రోమ్ వాళ్ళు దాని పక్కన బెనె (బాగా) వస్తే పర్లొబ్బెనె అని ఒత్తు పెట్టి పలుకుతారు, లెక్క సరిపోయింది. మా ఉత్తరాది వాళ్ళు మాత్రం ఆ ఒత్తు పెట్టరు. ఛందస్సు తప్పిందని వీళ్ళకి చెప్పేదెవరు, ఈలోగా పప్పు పొంగింది.