అరుగు మీద యూరప్ లెక్క

2024 మే 13న ఓటేసి వచ్చిన దగ్గర్నుంచీ మా నరసాపురంలో ఎవరెదురైనా ఒకటే మాట, "ఎన్నొస్తాయంటారు?" మా మరిది అయితే పొద్దున్నే పేపరు పట్టుకుని అరుగెక్కేస్తాడు. తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి నూట ఇరవై దాటతాయని ఒకాయన పందెం కాశాడట, తొంభై దగ్గరే ఆగుతాయని ఇంకొకాయన. పందేల జోలికి నేను పోను. కానీ ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పినదాన్ని, అంకె కనబడితే చెయ్యి ఊరుకోదు.

ఈసారి నా నోటుపుస్తకంలో రెండు పేజీలున్నాయి. ఒకటి మన జూన్ 4 ఫలితాల కోసం. రెండోది జూన్ 6 నుంచి 9 వరకు జరిగే యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల కోసం. మా అబ్బాయి జర్మనీలో ఉంటాడు. వాడికక్కడ ఓటు లేదు. పక్కింటి పిల్లకి ఉంది, పదహారేళ్లు. ఈ ఎన్నికకి జర్మనీ ఓటు వయసు 16కి తగ్గించడం ఇదే మొదలు. ఎవరికి వెయ్యాలా అని రోజూ వాళ్లమ్మతో వాదులాటేనట. అది విన్నాక నాకూ ఆ ఎన్నిక మీద మనసు పడింది.

"27 దేశాలు, 720 సీట్లు. ఎలా చెప్తారు వదినా?" అన్నాడు మరిది. నిజానికి సీట్లు చెప్పడం మనకన్నా అక్కడే తేలిక. ఇక్కడ ఒక్క ఓటు ఎక్కువొచ్చినా సీటు వాళ్లదే. 2019లో నూటికి 39 ఓట్లొచ్చిన తెలుగుదేశానికి 175లో 23 సీట్లు. ఐదున్నర వచ్చిన జనసేనకి ఒక్కటంటే ఒక్కటి, అదీ మన రాజోలు. యూరప్‌లో ఓట్ల వంతునే సీట్లు పంచుతారు. ఆ లెక్కన ఐదున్నరకి తొమ్మిదో పదో వచ్చుండేవి. అంతమంది ఓట్లకి అసెంబ్లీలో ఒక్క కుర్చీయేనా అని అప్పుడూ బాధపడ్డాను, ఇప్పటికీ అదే బాధ. జర్మనీకి 96 సీట్లు, ఇంత శాతం రావాలన్న గీత కూడా లేదు, నూటికి ఒక్క ఓటొచ్చినా ఓ సీటు దక్కుతుంది.

"అయితే అక్కడ పొత్తులెందుకు?" అన్నాడు. సుద్దముక్క తీసుకుని అరుగు బండ మీద వేసి చూపించాను. ఫ్రాన్స్, స్పెయిన్‌లలో వాడే పద్ధతి ఇది. మూడు పార్టీలు, ఐదు సీట్లు, ఓట్లు 100, 66, 36. ఒక్కోదాన్ని 1తో, 2తో, 3తో భాగించుకుంటూ పోయి, అన్నిట్లో పెద్దవి ఐదు ఏరాలి. 100, 66, 50, 36 ఏరాక, ఐదో సీటుకి మొదటి పార్టీది 33.3, రెండోదానిది 33. ఆ చిటికెడు తేడాతో పెద్దపార్టీకి మూడు, మిగతావాటికి ఒక్కొక్కటి. అదే చిన్నవి రెండూ ఒకే జాబితాగా దిగితే 102. అప్పుడు వాళ్లకి మూడు, పెద్దపార్టీకి రెండు! మరిది నమ్మక తానే రెండుసార్లు వేసుకున్నాడు, పంచె నిండా సుద్ద. ఫ్రాన్స్‌లో సోషలిస్టులు, గ్రీన్స్, వామపక్ష నాయకుడు మెలాంషోన్ పార్టీ ఈసారి ఎవరి జాబితా వాళ్లే పెట్టుకున్నారు. అక్కడ ఐదు శాతం గీత కూడా ఉంది. నాకైతే అలా విడివిడిగా దిగడం తప్పనిపిస్తోంది.

అసలు చిక్కు ఫలితాల తర్వాత. మనకి ఎవరు ఎవరితో ఉన్నారో ముందే తెలుసు. తెలుగుదేశానికి 144, జనసేనకి 21, బీజేపీకి 10 అని అసెంబ్లీ సీట్లు పంచుకున్నారు. మా ఊళ్లో అసెంబ్లీ మిషన్లో గాజుగ్లాసు, పార్లమెంటు మిషన్లో కమలం. వరసలో నా ముందున్న పెద్దావిడ లోపలికెళ్లి "సైకిలేదమ్మా?" అని గట్టిగా అడిగేసింది. ఎవరు ఎవరితో ఉన్నారో ఆవిడకి ఓటేసే ముందే తెలియాల్సి వచ్చింది. యూరప్‌లో గెలిచాక వేర్వేరు దేశాల పార్టీలు కూర్చుని గ్రూపులు కడతాయి. గ్రూపు కట్టాలంటే 23 మంది సభ్యులుండాలి, వాళ్లు కనీసం 7 దేశాల వాళ్లయ్యుండాలి.

జనవరిలో యూరోపియన్ కౌన్సిల్ ఆన్ ఫారిన్ రిలేషన్స్ అనే అధ్యయన సంస్థ అంచనా వచ్చినప్పుడు, ఫ్రాన్స్ నాయకురాలు మరీన్ లెపెన్ పార్టీ ఉన్న ఐడీ అనే తీవ్ర మితవాద గ్రూపుకి వంద సీట్లకి దగ్గరగా వేశారు, మూడో స్థానం అన్నారు. తీరా మే 23న ఆ గ్రూపు తనలోనే ఉన్న జర్మనీ పార్టీ ఏఎఫ్‌డీని బయటికి పంపేసింది. హిట్లర్ సాయుధ దళం ఎస్ఎస్‌లో ఉన్నవాళ్లంతా నేరస్తులు కారని ఏఎఫ్‌డీ జాబితాలో మొదటి అభ్యర్థి ఓ పత్రికతో అనడమే కారణం. ఏఎఫ్‌డీకి వచ్చే ఓట్లు వస్తాయి, సీట్లూ వస్తాయి. నేను మాత్రం ఆ గడిలో కొట్టేసి ఇంకో గడిలో రాసుకోవాల్సి వచ్చింది.

యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా వాన్‌డెర్ లేయన్ సంగతీ అంతే. ఆ పదవికి పార్లమెంటు ఓటేయాలి. 2019లో 374 కావాల్సి ఉండగా 383 వచ్చాయి, తొమ్మిదే ఎక్కువ. అదీ రహస్య ఓటు. ఈసారి 361 కావాలి. ఇటలీ ప్రధాని మెలోనీతో కలిసి పనిచేసేందుకు ఆవిడ తలుపు మూయలేదు. అలా అయితే మా మద్దతు ఉండదని సోషలిస్టులు అంటున్నారు. ఒకవైపు కూడితే ఇంకోవైపు తీసేయాల్సిన లెక్క ఇది.

నా పేజీలో మొదటి స్థానం ఉర్సులా ఉన్న పీపుల్స్ పార్టీకి, 180 దగ్గర. రెండోది సోషలిస్టులకి, 135. మూడో గడిలో పెన్సిల్‌తో రెండు పేర్లు రాసి వదిలేశాను. రాత్రి అబ్బాయికి ఫోన్ చేసి, 9వ తేదీ ఆదివారం ఆ పిల్ల ఎవరికి వేసిందో అడగొద్దురా, వెళ్లి వేసొచ్చిందో లేదో మాత్రం నాకు చెప్పు అన్నాను.